“ర్యామ్‌ప్యాక్ ఊగులాట”: ఒక నింద యొక్క పరిశీలనము

1981వ సంవత్సరము మార్చి నెలలో కేంబ్రిడ్జి నగరమందలి సింక్లెయిర్ సంస్థ జెడ్‌ఎక్స్81 అను చిన్న కంప్యూటరును విడుదల చేసెను. ఇంటి బల్లమీద నుంచుకొని ఇంటి టెలివిజనుకే తగిలించి వాడుకొనదగిన యంత్రములలో నంతటి చౌక యంత్రము బ్రిటనున నంతకు మున్ను లేదు. విడిభాగములుగా కొని స్వయముగా కూర్చుకొన్నచో 49.95 పౌనులు, కూర్చిన యంత్రమైనచో 69.95 పౌనులు. స్కాట్లండులోని డండీ పట్టణమందు టైమెక్స్ కర్మాగారమున తయారై, పదునైదు లక్షలకు పైగా నమ్ముడుపోయిన యీ యంత్రమును గూర్చి ఆనాటివారు చెప్పుకొను జ్ఞాపకములన్నిటను ఒక ఫిర్యాదు తప్పక వినవచ్చును. యంత్రము వెనుక తగిలించెడి 16కె స్మృతిపేటిక ఊగునట. ఊగిన క్షణముననే తెర తెల్లబోయి, గంటలకొలది టైపు చేసినదంతయు మాయమగునట. ఆంగ్లమున దీనికి ‘ర్యామ్‌ప్యాక్ వాబుల్’ అను పేరు స్థిరపడినది. మేము దానిని ‘ర్యామ్‌ప్యాక్ ఊగులాట’ అని వ్యవహరించుచున్నాము.

ఒక వ్యాధికి ఒక పేరుండుట మంచిదే. కాని ఒకే పేరు నాలుగు వ్యాధులకు చెల్లుచున్నప్పుడు వైద్యము చెడును, చరిత్రయు చెడును. జెడ్‌ఎక్స్81 స్మృతిపేటికలకు వచ్చిన జబ్బులన్నిటిని ఊగులాట ఖాతాలో వ్రాయుట న్యాయము కాదనియు, ఏ జబ్బు ఏదియో వేరుపరచుటకు యంత్రమే సాక్ష్యమిచ్చుచున్నదనియు మా పక్షము. నేడు పాత యంత్రములను బాగుచేసి భద్రపరచువారికి గాని, ఆ యంత్రములతో జనులెట్లు మెలగిరో వ్రాయబూనిన చరిత్రకారునకు గాని ఈ వివేచన లేక పని జరుగదు.

ముందుగా పరిభాషను గూర్చి ఒక మాట. ‘మెమరీ’ అను పదమునకు తెనుగున ఏది వాడవలెను? ‘జ్ఞాపకము’ అందమా, వైయాకరణులకది సూత్రములోని సూచనను తెలుపు పారిభాషికపదము. ‘స్మృతి’ అనగానే మన్వాదుల ధర్మశాస్త్రములు తలపునకు వచ్చును. అవధానవిద్యలోని ‘ధారణ’ అన్నిటికన్న దగ్గరగా నున్నది. ఇచ్చినదానిని ఇచ్చినట్లు నిలుపుకొని అడిగినప్పుడు అప్పగించుటయే కదా యీ చిప్పుల పని. ఐనను ధారణ పురుషప్రయత్నము. ఇది విద్యుత్తు ఉన్నంత సేపే నిలుచునది. వాడుకలో నలిగినదగుటచే ‘స్మృతి’నే గ్రహించితిమి.

జెడ్‌ఎక్స్81 లోపల సహజముగా నున్న స్మృతి 1కె, అనగా 1024 బైట్లు మాత్రమే. అందులోనే యంత్రము తన సొంత లెక్కలను దాచుకొనవలెను, తెరమీది అక్షరములను నిలుపవలెను, వాడుకరి వ్రాసిన ప్రోగ్రామును ఉంచవలెను. తెర నిండ అక్షరములు వ్రాసినచో దానికే 793 బైట్లు పట్టును. ఇట్టి ఇరుకులో చిన్న లెక్కలకన్న నెక్కువ చేయుట కష్టము. మాల్కమ్ ఎవాన్సు రచించిన ‘3డి మాన్‌స్టర్ మేజ్’ వంటి ప్రసిద్ధములైన ఆటలకు 16కె కావలసివచ్చెను. అందుచేత వాడుకరి రెండవ కొనుగోలుగా స్మృతిపేటికకై అంగడికి పోవలసివచ్చెడిది. దాని వెల తొలుత 49.95 పౌనులు, అనగా విడిభాగముల యంత్రమెంతయో పేటికయు నంతే! ఈ వెలను గుర్తుంచుకొన్నగాని ఆనాటివారి కోపము మనకర్థము కాదు.

పేటిక యంత్రమునకు తగులు తీరు ఇట్లుండును. జెడ్‌ఎక్స్81 లోపలి విద్యుత్పలక వెనుక అంచు పెట్టెలోని సందునుండి బయటికి కనబడుచుండును. ఆ అంచునకు రెండువైపుల 23 స్థానముల చొప్పున లోహపు పట్టీలు కలవు. వానిలో మూడవ స్థానమున, పేటికను తప్పుగా తగిలింపకుండుటకై, ఒక గాడి కోయబడియున్నది. పేటికలోని కనెక్టరు ఈ అంచును కరచుకొని నిలుచును. బిగించుటకు మరలు లేవు, క్రింద ఆధారము లేదు. ఇక యంత్రపు మీటలు చదునైన పొరగా నుండుటచే వానిని గట్టిగా నొక్కవలెను. నొక్కినప్పుడెల్ల తేలికయైన యంత్రము బల్లమీద కదలును, వెనుక వ్రేలాడు పేటిక మరియొక తీరున కదలును. రెంటి నడుమ నలిగెడివి ఆ పట్టీలే. వానికి బంగారుపూత లేదు, టంకపుపూత మాత్రమే. గాలి తగిలి, చెమ్మ తగిలి దానిపై పలుచని ఆక్సైడు పొర యేర్పడును. ఇంత చెప్పిన పిమ్మట ఊగులాట కట్టుకథయని ఎవరును అనజాలరు. జనులు గోడకు కాగితములంటించెడి మెత్తని జిగటముద్దను పేటిక క్రింద పెట్టి దానిని నిలుపుకొనిరి. కొందరు యంత్రమును పేటికను ఒకే చెక్కపలకకు బిగించిరి. ఆ చికిత్సలు చాలమందికి పనిచేసినవి కూడను.

ఐనచో వివాద మెక్కడ? ఊగులాట వలన కలుగు దోషమునకు ఒక లక్షణమున్నది: అది కదలికతో వచ్చును, కదలిక లేనిచో రాదు. కాని ఫిర్యాదులలో మూడు తెగలు ఈ లక్షణమునకు లొంగవు. యంత్రమును పెట్టినది పెట్టినట్లే యున్నను అరగంట వేడెక్కిన పిమ్మట తెర చెడుట ఒకటి. పేటిక తగిలించినచో యంత్రము అసలు మేల్కొనకపోవుట మరియొకటి. అన్నియు బాగున్నట్లే కనబడుచు, పెద్ద ప్రోగ్రామును క్యాసెట్టునుండి యెక్కించినప్పుడు మాత్రము నడుమ ఏవో అక్షరములు మారియుండుట మూడవది. వీనిని జిగటముద్ద బాగుచేయదు.

ఇచ్చట యంత్రము తనంతట తాను చెప్పు సాక్ష్యమును పరిశీలింపవలెను. నైన్ టైల్స్ సంస్థకు చెందిన స్టీవ్ వికర్సు ఈ యంత్రపు శాశ్వతస్మృతిలోని ప్రోగ్రామును రచించెను. యంత్రమునకు విద్యుత్తు తగిలిన వెంటనే ఆ ప్రోగ్రాము చేయు తొలి పని స్మృతిని కొలుచుట. 32767వ గదినుండి క్రిందికి దిగుచు ప్రతి గదిలోను 2 అను సంఖ్యను వ్రాయును. పిమ్మట 16384వ గదినుండి పైకెక్కుచు ప్రతి గదిలోని సంఖ్యనుండి ఒకటి తీసివేయును. అప్పుడే సున్న అయినచో ఆ గది చెడ్డది. మరల ఒకటి తీసివేయును. ఇప్పుడు సున్న కాకున్నచో గది చెడ్డది. మొదటి చెడ్డ గది తగిలినచోటనే ఆగి, ఆ గది సంఖ్యను ‘ర్యామ్‌టాప్’ అను పేర 16388, 16389 గదులలో వ్రాసికొనును. మన అవధాని పద్యమంతయు ఒప్పగించుటకు ముందు, పాదపాదమును మనసులో సరిచూచుకొనునట్లున్నది ఈ యేర్పాటు.

వాడుకరి ‘ప్రింట్ పీక్ 16388 + 256 * పీక్ 16389’ అని టైపు చేసినచో ఆ సంఖ్య తెరపై కనబడును. పేటిక ఆరోగ్యముగా నున్నచో 32768. పేటిక లేనిచో 17408. ఈ రెండు సంఖ్యలు వాడుకరులలో చాలమందికి తెలిసినవే. కాని వీని నడుమ వచ్చు సంఖ్యలే మిక్కిలి చెప్పుచున్నవి. వాని అర్థమును తగినంతగా విచారించినవారు తక్కువ.

24576 వచ్చినదనుకొందము. ఇది 16384కు 8192 కలుపగా వచ్చినది. అనగా పేటిక సరిగా సగమువద్ద తడబడినది. గదులు చెడుటవలన సరిగా సగమువద్దనే ఆగుట అరుదు. గది సంఖ్యను మోసికొనిపోవు తంతులలో పదమూడవదానికి స్పర్శ తెగి, అది ఎప్పుడును ఒకే విలువతో నిలిచిపోయినచో, పైసగమును అడిగినను క్రిందిసగమే పలుకును. పరీక్షాప్రోగ్రాము క్రిందిసగమును అప్పటికే సున్న చేసియుండును గనుక, పైసగపు తొలిగదివద్ద తప్పు పట్టుబడును. ఇట్లే 20480 వచ్చినచో పండ్రెండవ తంతి, 18432 వచ్చినచో పదునొకండవ తంతి. ఇవి స్పర్శదోషములు, పట్టీలను శుభ్రపరచినచో తరచుగా మానును. దీనికి భిన్నముగా 29187 వంటి, ఏ ద్విగుణపద్ధతికిని లొంగని సంఖ్య మాటిమాటికి వచ్చుచున్నచో అది స్పర్శదోషము కాదు. ఆ గది గల చిప్పే చెడినది. అట్టి సంఖ్య ప్రతి పర్యాయమును మారుచున్నచో స్పర్శనో, విద్యుత్సరఫరానో అనుమానింపవలెను.

ఈ రీతిలో ఒక చిక్కు కలదు. పదియవ తంతి తెగినను 16384కు 1024 కలిసి 17408 యే వచ్చును. పేటిక అసలు లెక్కకు రానప్పుడును అదే సంఖ్య. పేటిక తగిలినప్పుడు లోపలి 1కె స్మృతిని నోరు మూయించుటకు ‘ర్యామ్‌సిఎస్’ అను ప్రత్యేకమైన తంతి కలదు. గాడి ప్రక్కనే దాని స్థానము. దానికి స్పర్శ లేనిచో లోపలి స్మృతి మౌనము వహింపక తానును పలుకును. రెండు భిన్నకారణములు ఒకే సంఖ్యను చూపుచున్నవి గదా. వీనిని విడదీయుట యెట్లు? 20000వ గదిలో 85ను, 22048వ గదిలో 170ని ఉంచి, మరల 20000వ గదిని చదువవలెను. 85 వచ్చినచో రెండు గదులును వేరు. పేటిక పలుకుచున్నది, పదియవ తంతి తెగినది. 170 వచ్చినచో రెండును ఒకే గది; పలుకునది లోపలి 1కె మాత్రమే. ఈ రెంటిలో నేదియు రాక మరియేదో సంఖ్య వచ్చినచో, ఇద్దరును ఒకేసారి పలుకుచున్నారేమో చూడవలెను.

వికర్సు పరీక్ష చిన్నది, చక్కనిది. కాని సంపూర్ణమైనది కాదు. అది వాడు సంఖ్యలు 2, 1, 0 మాత్రమే. ఒక బైటులోని ఎనిమిది బిట్లలో నేదైనను ఎల్లప్పుడు ఒకటిగా నిలిచిపోయినచో ఈ పరీక్షకు పట్టుబడును. క్రింది రెండు బిట్లలో నేదైనను సున్నగా నిలిచిపోయినను పట్టుబడును. కాని పై ఆరు బిట్లలో నొకటి సున్నగా నిలిచిపోయినచో, అచ్చట ఎట్లును సున్నయే ఉండవలసియున్నది గనుక, పరీక్ష తృప్తిపడి ముందునకు సాగిపోవును. కొలది గదులలో నిట్టి లోపమున్న పేటిక 32768 అని నిబ్బరముగా చెప్పును. పెద్ద ప్రోగ్రాము ఆ గదులదాక వచ్చినప్పుడు అక్షరములు మారును. పైన చెప్పిన మూడవతెగ ఫిర్యాదునకు ఒక మూలమిది. ఒక కిలోబైటు వాడువానికి ఇది ఎన్నడును తగులదు. పేటిక నిండ వ్రాసినవానికే తగులును.

దీనిని పట్టుటకు వాడుకరియే పరీక్ష పెట్టవలెను. 16388వ గదిలో 0, 16389వ గదిలో 80 ఉంచి ‘న్యూ’ ఆజ్ఞ ఇచ్చినచో ర్యామ్‌టాప్ 20480కి దిగును. అంతకు పైనున్న గదులను యంత్రము ముట్టదు. అచ్చట 255, 0, 85, 170 సంఖ్యలను వరుసగా వ్రాసి చదివి చూడవచ్చును. 255 వ్రాయగా 239 వచ్చినదనుకొందము. తగ్గినది 16, అనగా నాలుగవ బిట్టు. సింక్లెయిర్ పేటికలో ఎనిమిది చిప్పులు కలవు, ఒక్కొక్కటి ఒక్కొక్క బిట్టును మోయును; కాబట్టి దోషి యేదియో ఇక వెదకనక్కరలేదు. ఆ బిట్టు అన్ని గదులలోను తప్పుచున్నచో స్పర్శను, కొన్ని గదులలో మాత్రమే తప్పుచున్నచో చిప్పును శంకింపవలెను.

ఆ చిప్పుల పేరు 4116. ఐబిఎమ్ సంస్థకు చెందిన రాబర్టు డెనార్డు ఒక్క ట్రాన్సిస్టరుతో ఒక బిట్టును నిలుపు పద్ధతికి 1968లో పేటెంటు పొందెను. మాస్టెక్ సంస్థ 1976లో ఆ పద్ధతిని 16384 బిట్ల చిప్పుగా తెచ్చెను. ఇందులో ప్రతి బిట్టును ఒక సూక్ష్మ కెపాసిటరులోని విద్యుదావేశమే. అది కారిపోవుచుండును, అందుచే 128 వరుసలనెల్ల 2 మిల్లీసెకండ్ల కొకసారి తిరిగి నింపవలెను. జెడ్80 ప్రాసెసరు ఈ సేవను తానే చేయుచుండుట ఈ చౌక యంత్రములకు మహోపకారమైనది. ఇంతకన్న పెద్ద చిక్కు 4116 ఆహారము విషయమున నున్నది. దానికి మూడు విధముల విద్యుత్తు కావలెను: +5 వోల్టులు, +12 వోల్టులు, −5 వోల్టులు. యంత్రము అంచున లభించునవి 5 వోల్టులు, క్రమబద్ధము కాని 9 వోల్టులు మాత్రమే. తక్కిన రెంటిని పేటికలోని చిన్న పరివర్తకమే సృష్టించుకొనవలెను.

మా దృష్టిలో ఊగులాట నింద వెనుక దాగిన అసలైన నిందితులలో ఈ పరివర్తకము ముఖ్యమైనది. −5 వోల్టులు ముందుగా వచ్చి అన్నిటికన్న వెనుక పోవలెనని 4116 నియమము. అది లోపించి +12 నిలిచియున్నచో చిప్పు వేడెక్కి చచ్చును. కాబట్టి పరివర్తకము చెడినప్పుడు చిప్పులను మాత్రము మార్చువాడు క్రొత్త చిప్పులను గూడ బలియిచ్చుచున్నాడు. చిప్పు నొకటవ కాలివద్ద −5, ఎనిమిదవదానివద్ద +12, తొమ్మిదవదానివద్ద +5 ఉన్నవో లేవో, పదునారవ కాలిని భూమిగా గొని, మల్టీమీటరుతో చూచిన పిమ్మటనే చిప్పు జోలికి పోవలెను. వేడెక్కిన పిమ్మట పుట్టు దోషములకును ఇక్కడనే తొలుత వెదకుట యుక్తము. 1982లో వచ్చిన స్పెక్ట్రమ్ యంత్రములోని క్రింది 16కె స్మృతియు ఈ చిప్పులతోడనే నిర్మింపబడి, అదే జబ్బునకు లోనగుచున్నది. దానికి ఊగెడి పేటిక లేదు. చిప్పులు లోపలి పలకమీదనే కలవు. మా వాదమునకు ఇంతకన్న మంచి సాక్షి దొరకదు.

పరిశీలనలో పాటింపవలసిన క్రమము పాఠపరిష్కర్తలకు క్రొత్తది కాదు. బ్రౌను దొర ఒక కావ్యమునకు పెక్కు ప్రతులను సంపాదించి పండితులచేత సరిచూపించెను. ఒక ప్రతిలోని తప్పు కవిదో లేఖకునిదో రెండవ ప్రతి లేనిదే తేలదు. అట్లే పేటికను చక్కగా నున్న మరియొక యంత్రమునకును, యంత్రమునకు చక్కగా నున్న మరియొక పేటికయు తగిలించి చూచిన గాని దోషము ఏ పక్షముదో తేలదు. ఒకసారి ఒకదానినే మార్చవలెను. తగిలించునప్పుడును తీయునప్పుడును విద్యుత్తు తప్పక ఆపవలెను. 5 వోల్టుల పట్టీ, 9 వోల్టుల పట్టీ ప్రక్కప్రక్కనే యున్నవి, ఒక్క స్థానము జరిగినను చిప్పులు మాడును. పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడువవలెనే కాని గరుకుకాగితముతో రుద్దరాదు. ఆ పూత పలుచనిది. నేటి మెరుపు రేపటి తుప్పగును.

ఇతర యంత్రముల విషయమున రెండు ముచ్చటలు చాలును. కామడోర్ విక్-20 స్మృతిపెట్టెలు గట్టిగా బిగిసియుండును. ఐనను వానిమీదను ఫిర్యాదులు వచ్చినవి. ఆ యంత్రము మేల్కొనగానే తెరపై ఖాళీ బైట్ల సంఖ్యను ప్రకటించును: సహజముగా 3583, 3కె పెట్టెతో 6655, 8కె తో 11775, 16కె తో 19967. సంఖ్య సరిగానే యున్నను పాత ఆట పనిచేయకున్నచో వాడుకరి పెట్టెను అంగడికి తిరిగి ఇచ్చివేయ జూచెడివాడు. నిజమున 8కె గాని అంతకు మించి గాని చేర్చినప్పుడు విక్-20 తన తెరస్మృతిని 7680వ గదినుండి 4096వ గదికి తరలించును. పాతచోటనే వ్రాయు ప్రోగ్రాము శూన్యమున వ్రాసినట్లగును. చెడినది ఏదియు లేదు, ఇల్లు మారినది అంతే. ఆపిల్ సంస్థ 1979లో తెచ్చిన లాంగ్వేజ్ కార్డు మరియొక విధము. దానిని అమర్చుటకు మూలపలకనుండి ఒక స్మృతిచిప్పును పెరికి, ఆ గూటిలో కార్డునుండి వచ్చు తంతిపట్టీని గ్రుచ్చవలెను. అచ్చట వంగిన కాలొక్కటియున్నను కార్డుతోపాటు యంత్రమును మూగవోవును.

ఇక నేటి మాట. చెడిన పేటికలకు బదులుగా నేడు ఔత్సాహికులు ఒకే స్థిరస్మృతి చిప్పుతో చిన్న పలకలను తయారు చేసికొనుచున్నారు. వానికి 5 వోల్టులు చాలును. నింపవలసిన పని లేదు, వేడి లేదు, బరువు లేదు. పాత క్యాసెట్టులలోని ప్రోగ్రాములను చదివి భద్రపరచుటకు ఇవి మేలైనవని ఒప్పుకొనవలసినదే; పూర్తిగా నిండిన ప్రోగ్రాము నెక్కించుటకు ఆరేడు నిమిషములు పట్టు యంత్రమున నడుమ పేటిక చెడుట ఎవరికి ప్రియము? కాని ఆ కాలపు వాడుకరి అలవాట్లను అధ్యయనము చేయబూనిన పరిశోధకునకు మాత్రము మూలపేటిక యుండవలెను. అర్ధగంటకొకసారి క్యాసెట్టుపై భద్రపరచుకొనుట, యంత్రమున్న బల్లను ఇంట నెవరిని తాకనీయకుండుట, చివరకు ఆనాటి పత్రికలలో పొట్టి ప్రోగ్రాములకు గల ఆదరము, ఇవన్నియు ఆ పేటిక అవిశ్వసనీయత నీడలో పుట్టినవే యని మా అభిప్రాయము. క్రొత్త పలకతో నడచు యంత్రము ఆ భయమును చూపజాలదు.

కాబట్టి బాగుచేయువారికి మా విన్నపము. పేటికను విప్పునప్పుడు తొలుత వచ్చిన ర్యామ్‌టాప్ సంఖ్యను, కొలిచిన మూడు వోల్టులను, శుభ్రపరచుటకు ముందు పట్టీల స్థితిని కాగితముపై వ్రాయుడు. తీసివేసిన చిప్పును పారవేయక, అది ఏ బిట్టునకు చెందినదో గుర్తించి, ఆ కాగితముతోపాటు చిన్న సంచిలో ఉంచి పేటికకే కట్టుడు. ఇట్టి సంచులు నూరు పోగైన నాడు, చెడినవానిలో స్పర్శవలన నెన్ని, పరివర్తకమువలన నెన్ని, చిప్పువలన నెన్ని అను ప్రశ్నను లెక్కతోనే తేల్చవచ్చును.